వర్చువల్ అసిస్టెంట్‌గా సొంత వ్యాపారం: గోదావరి డెల్టాలో ఇంటి నుంచే నడిపే పద్ధతి

డాలస్‌లో ఇళ్లు అమ్మిపెట్టే రియల్టరుకు మెయిళ్లు, క్యాలెండరు చూసిపెట్టే మనిషి అమలాపురంలో ఉన్నా ఒకటే, పాలకొల్లులో ఉన్నా ఒకటే. పని నడిచినంతకాలం ఆయన మీ ఊరి గురించి ఆలోచించడు. ఒకరోజు కరెంటు పోయి మూడు గంటలు మీరు పలకలేదనుకోండి, అప్పుడు గుర్తొస్తుంది. ఆఫీసులో సీటు ఖాళీగా కనిపిస్తే టీకి వెళ్లాడనుకుంటారు. ఎక్కడో ఉన్న వీఏ (వర్చువల్ అసిస్టెంట్) పలకకపోతే మాత్రం పని ఎగ్గొట్టాడనే అనుకుంటారు. మనిషి కనిపించడు కాబట్టి పని కనిపించాలి. ధర చెప్పడం దగ్గర నుంచి రోజువారీ రిపోర్టు దాకా, ఈ వ్యాపారంలో చేసే ప్రతి ఏర్పాటూ దీని కోసమే.

ఇంగ్లిష్‌లో మెయిలు రాయడం, ఎక్సెల్ షీటు నింపడం, కాన్వాలో పోస్టరు చెయ్యడం వచ్చినవాళ్లు మన దగ్గర ఊరికి పదిమంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఒక క్లయింటు దగ్గరే ఆగిపోతున్నారు, ఆ ఒక్కరు మానేస్తే మళ్లీ మొదటికొస్తున్నారు. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం.

1. ఏ పని, ఎవరికి

'డేటా ఎంట్రీ నుంచి డిజిటల్ మార్కెటింగ్ దాకా అన్నీ చేస్తాం' అని ప్రొఫైల్లో రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఒక రకం క్లయింటు, వాళ్లకు వారం వారం తప్పకుండా వచ్చే రెండు మూడు పనులు, అంతే పెట్టుకోండి. ఒక్కసారితో అయిపోయే లోగో, వెబ్‌సైటు లాంటివి వీఏ వ్యాపారానికి అచ్చిరావు, నెల తిరిగేసరికి మళ్లీ కొత్త గిరాకీ వెతుక్కోవాలి.

చుట్టూ చూస్తే మన డెల్టాలోనే బేరాలున్నాయి. కడియం, కడియపులంక నర్సరీలకు హైదరాబాదు, బెంగళూరు నుంచి ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్లు ఫోటోలు, ధరలు అడుగుతూనే ఉంటారు. జవాబిచ్చే తీరిక నర్సరీ యజమానికి ఉండదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. కొరియర్ ఆర్డర్లు తీసుకునేవాళ్లకు అడ్రసులు రాసుకోవడం, ట్రాకింగ్ నంబరు పంపడం, 'ఇంకా రాలేదండీ' అనేవాళ్లకు సర్దిచెప్పడం రోజూ ఉండే పని. నరసాపురం లేసు ఎగుమతిదారులకు కేటలాగు, విదేశీ మెయిళ్లు. భీమవరం వైపు రొయ్యల మేత, మందుల డీలర్లకు బాకీల జాబితా, రైతులకు గుర్తుచేసే మెసేజ్‌లు.

విదేశీ క్లయింట్లలో మనకు దగ్గరి దారి అక్కడి తెలుగువాళ్లే: రియల్టర్లు, ట్యాక్స్ ఫైలింగ్ చేసేవాళ్లు, సంగీతం, డాన్సు క్లాసులు నడిపేవాళ్లు. డాక్టర్ల పని వస్తే ఒక్క జాగ్రత్త. అమెరికాలో రోగుల వివరాలు చేతికొచ్చే పనైతే వాటి గోప్యత కోసం ఉన్న హిపా చట్టం కింద విడిగా ఒప్పందం రాయించుకోవాలి. అది లేకుండా ఇస్తామన్నా తీసుకోవద్దు.

చివరికి ఒక్క వాక్యం తేలాలి. ఉదాహరణకు: 'నర్సరీలకు వాట్సాప్ ఎంక్వైరీలు, గూగుల్ పేజీ రోజూ చూసిపెడతాను.' మీ పిన్ని గారికి చెప్తే ఆవిడ ఇంకొకరికి తప్పుల్లేకుండా చెప్పగలగాలి. అంత తేలికగా ఉంటే చాలు.

2. ధర కట్టడం

ఎక్కువమంది పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. రోజుకు 8 గంటలు, నెలకు 22 రోజులు, మొత్తం 176 గంటలు అని లెక్కేస్తారు. ఆ 176లో క్లయింటుకు బిల్లు వెయ్యగలిగేవి రోజుకు 5 గంటలు దాటవు. మిగతావి కొత్తవాళ్లతో మాటలు, ఇన్‌వాయిస్‌లు, నేర్చుకోవడం, సాంకేతిక తలనొప్పులు. అంటే నెలకు 110 గంటలు.

చేతికి రూ.40,000 మిగలాలనుకోండి. ఖర్చులు: రెండు నెట్ కనెక్షన్లు రూ.1,200, సాఫ్ట్‌వేర్లు రూ.1,500, ఫోను రూ.400, ల్యాప్‌టాప్, బ్యాటరీ మార్చే రోజు కోసం పక్కన పెట్టేది రూ.2,500, ఆడిటరు, బ్యాంకు ఛార్జీలు రూ.1,000. జ్వరమొచ్చి వారం పడుకుంటే ఎలాగ? దానికో రూ.3,400. మొత్తం రూ.10,000. ఇప్పుడు 50,000ను 110తో భాగిస్తే గంటకు సుమారు రూ.455. చేతిలో కాస్త వెసులుబాటు ఉండాలి కాబట్టి రూ.500 చెప్పండి.

అదే 176తో భాగించినవాళ్లకు గంటకు రూ.284 వస్తుంది. తీరా బిల్లయ్యేది 110 గంటలే కాబట్టి రూ.31,240 వసూలవుతుంది, ఖర్చులు పోను మిగిలేది రూ.21,240. ఎంత కష్టపడినా నెలాఖరుకు చెయ్యి ఖాళీగా ఉండడానికి కారణం ఈ భాగహారమే.

గంటలను ప్యాకేజీలుగా అమ్మండి: నెలకు 12, 20, 40 గంటలు. డబ్బు నెల మొదట్లోనే. మిగిలిపోయిన గంటల్లో పావు వంతు వరకు వచ్చే నెలకు మోసుకెళ్లవచ్చు, మిగతావి చెల్లవు. ఈ షరతు ముందే రాయకపోతే ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు 'నాకు ఇంకా 35 గంటలు రావాలి కదా' అని ఒక్క వారంలో మొత్తం అడుగుతారు. ఒక క్లయింటు మీ రాబడిలో సగం దాటకుండా చూసుకోండి.

3. కరెంటు, నెట్టు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. ఎండాకాలంలో గాలివానకు కొబ్బరి మట్ట పడి లైను తెగడం మామూలే. కాబట్టి ఏర్పాటు ఇలా ఉండాలి.

ఇంట్లో 150 ఏహెచ్ ఇన్వర్టరు బ్యాటరీ ఉంటే కాగితం మీద 1,800 వాట్ అవర్లు. నష్టాలు పోను 1,100 చేతికొస్తుందనుకోండి. ల్యాప్‌టాప్ 60 వాట్లు, ఫ్యాను 75, లైటు, రౌటరు కలిపి 20. దాదాపు 7 గంటలు నడుస్తుంది. అదే ఇన్వర్టరు మీద ఫ్రిజ్జు, ఇంకో రెండు గదుల ఫ్యాన్లు నడిస్తే రెండు మూడు గంటలకే చతికిలబడుతుంది. ఇంట్లోవాళ్లతో మాట్లాడి పని గదికి విడి స్విచ్చు పెట్టించుకోండి. బ్యాటరీ రెండు మూడేళ్లదైతే ఒక ఆదివారం మెయిన్ ఆపేసి ఎన్ని గంటలు నిలుస్తుందో గడియారం పెట్టి చూడండి.

ఇన్వర్టరు లేకపోతే కనీసం రౌటరుకు 12 వోల్టుల మినీ యూపీఎస్ కొనండి. 10,000 ఎంఏహెచ్‌దైతే 37 వాట్ అవర్లు, 10 వాట్లు తినే రౌటరును మూడు గంటల పైచిలుకు లాగుతుంది. కొనేముందు మీ రౌటరు అడాప్టరు మీద రాసిన వోల్టు, ఆంపియరు సరిచూసుకోండి. పిన్ను కుదిరినంత మాత్రాన వోల్టు కుదిరినట్టు కాదు.

ఇంత చేసినా నెట్టు పోవచ్చు. ఫైబరు బాక్సు మీద 'లాస్' (LOS) అని రాసిన చోట ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటుంటే లోపం చాలావరకు మీ రౌటరులో కాదు, బయట వైరు తెగి ఉంటుంది, లేదా కేబుల్ ఆపరేటరు వైపు బ్యాటరీ అయిపోయి ఉంటుంది. అప్పుడు రౌటరు ఆపి వేసి లాభం లేదు. 'పాన్' (PON) లైటు పచ్చగా నిలకడగా ఉండి నెట్టు రాకపోతే, అప్పుడు రౌటరు ఆపి వెయ్యండి. ఈ తేడా తెలిస్తే ఆపరేటరుకు ఫోన్ చేసి 'లాస్ ఎర్రగా ఉందండీ' అని ఒక్క మాటలో చెప్పొచ్చు, మనిషి నేరుగా లైను దగ్గరికే వెళ్తాడు.

రెండో దారిగా వేరే కంపెనీ సిమ్ము, ఎప్పుడూ రీచార్జిలో ఉండాలి. ఫోను ఏ కంపెనీదో హాట్‌స్పాటుకూ అదే వాడితే టవరు పోయిన రోజు రెండూ కలిసి పోతాయి. వీడియో కాల్‌కు గంటకు దాదాపు ఒక జీబీ అవుతుంది, రోజుకు 1.5 జీబీ ప్లాను గంటన్నర మీటింగుతోనే అయిపోతుంది. వీడియో ఆపి మాట మాత్రం ఉంచితే చాలా తగ్గుతుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే క్లయింటుకు మెయిలు పెట్టండి: ఏ తేదీల్లో ఇబ్బంది రావచ్చు, ఏ పనులు ముందే పూర్తి చేశారు, నెట్టు పోతే ఏ నంబరుకు మెసేజ్ పెట్టాలి. ముందే తెలిసిన ఆలస్యాన్ని క్లయింటు ఓర్చుకుంటాడు.

చప్పుడు సంగతి ఎవరూ రాయరు గానీ ఇక్కడ అదీ సమస్యే. కార్తీకంలో తెల్లవారకముందే గుడి మైకు, పెళ్లిళ్ల కాలంలో అర్ధరాత్రి దాకా డీజే. మైకు నోటి దగ్గరకు వచ్చే యూఎస్‌బీ హెడ్‌సెట్ తీసుకోండి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మైకు చెవి దగ్గర ఉంటుంది, మీ మాటతో పాటు వీధిని కూడా వినిపిస్తుంది.

4. గడియారం

డాలస్‌లో ఉదయం 9 అంటే మనకు వాళ్ల వేసవిలో రాత్రి 7:30, చలికాలంలో 8:30. న్యూయార్క్‌లో 9 అయితే 6:30, 7:30. లండన్‌లో 9 అయితే మధ్యాహ్నం 1:30, 2:30. దుబాయ్‌లో 9 అంటే ఏడాదంతా 10:30, వాళ్లు గడియారం మార్చరు.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు జరుగుతుంది. బ్రిటన్‌లో మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో. రెండు దేశాల క్లయింట్లూ ఉంటే మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబరు నవంబరు మధ్య ఒక వారం అన్ని మీటింగులూ తప్పుగా కనిపిస్తాయి. గూగుల్ క్యాలెండరు సెట్టింగుల్లో రెండో టైమ్‌జోన్ పెట్టుకుని, మీటింగు ఎప్పుడూ క్లయింటు ఊరి సమయంలోనే వెయ్యండి. చేత్తో కలిపి తీసేసి లెక్కెయ్యొద్దు.

అమెరికా క్లయింటున్నంత మాత్రాన తెల్లవార్లూ మేలుకోనక్కర్లేదు. కలిసి ఉండాల్సింది రోజుకు 2 నుంచి 3 గంటలే. రాత్రి 7:30 నుంచి 10:30 దాకా అని ఒప్పందంలోనే రాయండి. మిగతా పని మర్నాడు ఉదయం చేస్తే వాళ్లు నిద్ర లేచేసరికి పూర్తయి ఉంటుంది, అదే మీ గొప్పగా చెప్పుకోండి.

రోజులో మొదటి గంట మీ సొంత వ్యాపారానికి. మెయిలు తెరవకముందే. క్లయింట్ల పనయ్యాక మార్కెటింగు చేద్దామనుకున్నవాళ్లకు ఆ సమయం ఏనాడూ రాదు. ఒక క్లయింటు మానేసిన రోజున గుర్తొస్తుంది, అప్పుడు కంగారులో ధర తగ్గించేస్తారు. మిమ్మల్ని మీరే ఒక క్లయింటుగా టైమర్‌లో పెట్టుకుని వారానికి 5 గంటలు ఇవ్వండి.

టైమరంటే క్లాకిఫై, టాగుల్ లాంటివి, ఉచిత ఖాతా చాలు. పని మొదలెట్టేటప్పుడు నొక్కడం, ఆపేటప్పుడు నొక్కడం. సాయంత్రం గుర్తుచేసుకుని రాస్తే ఇరవై నిమిషాల చిన్న పనులన్నీ ఎగిరిపోతాయి. మెయిళ్లు ఒక్కో క్లయింటువి రోజుకు రెండు విడతలుగా చూడండి. ఒకరి పని చేస్తుండగా ఇంకొకరి చాట్ తెరిచి ఉంచితే ఒకరి ధరల పట్టిక ఇంకొకరికి వెళ్లే ప్రమాదం ఉంది. క్లయింటుకో క్రోమ్ ప్రొఫైల్, దానికో రంగు పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

5. పని కనిపించేలా చెయ్యడం

కొత్త క్లయింటు మొదటి వారంలో ప్రతి పనికీ ఒక పేజీ విధానపత్రం రాయండి. ఆయన చెప్పేటప్పుడు స్క్రీన్ రికార్డు చేసి, అది చూసుకుంటూ రాసుకుంటే సరిపోతుంది. నర్సరీ ఎంక్వైరీలకు అలాంటి పేజీ ఇలా ఉంటుంది:

వాట్సాప్‌లో ఎంక్వైరీ వస్తే 15 నిమిషాల్లో 'కొత్త' లేబులు వేసి పలకరింపు పంపాలి. మొక్క పేరు, ఎన్ని కావాలి, ఎంత ఎత్తు, ఏ ఊరికి: ఈ నాలుగూ తెలియకుండా ధర చెప్పకూడదు. 50 మొక్కల లోపైతే పట్టికలో ఉన్న ధర, దాటితే యజమానికి ఫోను. లోడు ఖర్చు, లారీ కిరాయి ధరలో కలపలేదని ప్రతిసారీ రాయాలి. ధర చెప్పి రెండు రోజులైనా పలకకపోతే ఒక్కసారి అడగాలి, మళ్లీ అడగకూడదు. ఫోటో అడిగితే ఆ వారం తీసినదే పంపాలి, పోయిన ఏడాది పూత ఫోటో పంపితే లారీ వచ్చాక గొడవవుతుంది.

చివరి వాక్యం లాంటివి యజమాని నోటి నుంచే వస్తాయి, మీకు మీరుగా రాయలేరు. అందుకే 'ఇందులో ఇదివరకు ఏం తేడా వచ్చిందండీ?' అని ప్రతి పనికీ అడగండి.

రోజు చివర నాలుగు వరుసల రిపోర్టు: ఈరోజు ఏం పూర్తయింది, ఏది ఎక్కడ ఆగింది, మీ నుంచి నాకేం కావాలి, ఈ నెల ఎన్ని గంటలు వాడాం. చివరి వరుస ఉంటే నెలాఖరులో బిల్లు మీద వాదన ఉండదు. మూడో వరుసలో ప్రశ్నలు ఒకటి రెండుకు మించనివ్వకండి. ప్రశ్నను 'ఇలా చేద్దామనుకుంటున్నాను, వద్దంటే రేపు ఉదయంలోపు చెప్పండి' అన్న రూపంలో పెట్టండి. ఏం చెయ్యమంటారు అని అడిగితే ఆలోచించే పని మళ్లీ ఆయన నెత్తినే పడుతుంది. అది దించుతారనే కదా మిమ్మల్ని పెట్టుకున్నది.

'చిన్న పనేనండీ, ఐదు నిమిషాలు' అని వచ్చేవాటిని కాదనొద్దు, ఊరికే చెయ్యనూ వద్దు. 'తప్పకుండా చేస్తానండి, ఇది 40 నిమిషాలు పడుతుంది, ఈ నెల గంటల్లో వేసుకోమంటారా, పోస్టుల పని ఒకటి ఆపమంటారా?' అనండి. గొంతు పెంచకుండా హద్దు తెలిసిపోతుంది.

6. పాస్‌వర్డులు

వాట్సాప్‌లో పాస్‌వర్డు పంపించుకోవడం మానాలి. జీమెయిల్లో యజమాని సెట్టింగులు, అకౌంట్స్ విభాగంలోకి వెళ్లి మీకు ఖాతా చూసే అనుమతి ఇవ్వొచ్చు. మెయిళ్లు చదవగలరు, పంపగలరు, ఆయన పాస్‌వర్డు మాత్రం మార్చలేరు. ఫేస్‌బుక్ పేజీకి, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కి మీ సొంత ఖాతాతోనే మేనేజరుగా చేర్చుకోమనండి. అలా కుదరని చోట బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజరులో పంచుకోవాలి. ప్రతిసారీ ఆయన్ను ఓటీపీ అడగాల్సి వస్తోందంటే ఏర్పాటు తప్పుగా ఉన్నట్టే. పని మానేసిన రోజు ఏయే చోట్ల మిమ్మల్ని తొలగించాలో జాబితా మీరే రాసి ఇవ్వండి. వెళ్లిపోయేటప్పుడు అలా చేసినవాళ్లను క్లయింటు మర్చిపోడు.

ఒక మాట గట్టిగా: క్లయింటు డబ్బు మీ బ్యాంకు ఖాతాలోకి తీసుకుని ఇంకొకరికి పంపే పని ఎంత కమిషనిస్తామన్నా ఒప్పుకోవద్దు. అది మోసపు సొమ్మయితే ముందు స్తంభించేది మీ ఖాతా, పోలీసు ఫోను వచ్చేది మీకు. రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ కట్టించుకుని డేటా ఎంట్రీ పనిస్తామనేవాళ్లూ ఆ బాపతే. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు గాని అడగడు.

7. గిరాకీ తెచ్చుకోవడం

ముందు నమూనాలు. పాత క్లయింటు షీట్లు, స్క్రీన్‌షాట్లు చూపించకండి. 'ఆయన సంగతులు నాకు చూపించినవాళ్లు రేపు నావీ ఇంకొకరికి చూపిస్తారు' అనుకుంటారు. ఊహించిన పేర్లతో మూడు నమూనాలు తయారు చెయ్యండి: ఒక విధానపత్రం, ఒక వారపు రిపోర్టు, సర్దిన ఇన్‌బాక్సు లేదా ఎంక్వైరీల షీటు. లింక్డ్‌ఇన్‌లో మీ పేరు కింద ఆ ఒక్క వాక్యం, 'ఫీచర్డ్' భాగంలో ఈ మూడు. సర్టిఫికెట్లు ఎన్ని పెట్టినా వీటి ముందు దిగదుడుపే.

తర్వాత రోజుకు ఐదుగురికి మెసేజ్. అందరికీ ఒకటే పంపితే చెత్తబుట్టలోకి పోతుంది. ప్రతి ఒక్కరి పేజీ పదేసి నిమిషాలు చూడండి. కడియం వైపు ఒక నర్సరీ గూగుల్ పేజీ తెరిచారనుకుందాం. ఫోను బటన్ నొక్కండి, మోగుతోందా? ఆదివారం మూసి ఉంటుందని చూపిస్తోందా? మొక్కల కోసం జనం వచ్చేదే ఆదివారం. ఫోటోలు ఎవరు పెట్టారు, యజమానా, వచ్చినవాళ్లా? రెండు నక్షత్రాల రివ్యూకి ఎవరైనా పలికారా? ఇందులో రెండు లోపాలు దొరికితే చాలు. స్క్రీన్ రికార్డు చేస్తూ రెండు మూడు నిమిషాల్లో చూపించి, దానితో పాటు ఇలా రాయండి:

'నమస్కారం అండి. గూగుల్‌లో మీ నర్సరీ పేజీ చూశాను. అందులో ఉన్న నంబరు మోగడం లేదు, ఆదివారం సెలవని చూపిస్తోంది. ఎక్కడ మార్చాలో వీడియోలో చూపించాను, మీరే చేసుకోవచ్చు. రోజూ ఎంక్వైరీలకు జవాబులు, వారానికి రెండు పోస్టులు చూసే మనిషి కావాలంటే నెలకు 12 గంటలు, రూ.6,000. తీరిక ఉన్నప్పుడు ఒక్క మాట చెప్పండి, వచ్చి కలుస్తాను.'

ఇందులో మూడు పనులు జరిగాయి: లోపం ఎత్తి చూపారు, ఊరికే సరిచేసుకునే దారి ఇచ్చారు, ధర దాచలేదు. 'ధర ఎంతో డీఎం చెయ్యండి' అనే అలవాటు మన దగ్గర బాగా పాకింది, అది వదిలెయ్యాలి. విదేశీ క్లయింటుకు ఇదే ఇంగ్లిష్‌లో, ఐదు వాక్యాలకు మించకుండా. అక్కడ 'సర్', 'రెస్పెక్టెడ్ సర్', 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' రాస్తే గుమాస్తా ఉత్తరంలా ఉంటుంది. పేరు పెట్టి పిలిచి సూటిగా రాయండి.

ఒక షీటులో పేరు, కనిపెట్టిన లోపం, పంపిన తేదీ, మళ్లీ అడగాల్సిన తేదీ, జవాబు రాసుకోండి. మూడో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి అడిగి, ఆపై మూడు నెలలు వదిలెయ్యండి. పలికేది కొందరే. పలకనివాళ్ల వరుసలే ఎక్కువ కనిపించి మనసు చివుక్కుమంటుంది గానీ, నెలకు వంద వరుసలు నిండాకే ఏ మాట పనిచేస్తోందో తెలుస్తుంది.

వాట్సాప్ బిజినెస్‌ను మీ వ్యాపారానికీ వాడండి. కేటలాగులో మూడు ప్యాకేజీలు ధరలతో పెట్టండి, తరచూ వచ్చే ప్రశ్నలకు క్విక్ రిప్లైలు రాసుకోండి. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చొచ్చు, అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. కలిసిన ప్రతివాళ్లనూ నంబరు సేవ్ చేసుకోమని అక్కడికక్కడే అడగండి.

ఎవరైనా మాట్లాడదామన్నారంటే 20 నిమిషాలు చాలు. మీ గురించి రెండు నిమిషాలు, మిగతాది వాళ్లను మాట్లాడనివ్వండి. ఏ పని వారంలో మిమ్మల్ని ఎక్కువ విసిగిస్తోంది? దాన్ని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? ఇదివరకు మనిషిని పెట్టుకుంటే ఏమైంది? మూడో ప్రశ్నకు జవాబులోనే బేరం ఉంటుంది. '24 గంటల్లో పంపుతాను' అని చెప్పి ఆ రోజే ప్రతిపాదన పంపండి, ఒక పేజీ. ఉచిత ట్రయల్ వద్దు. ఒక వారం, 5 గంటలు, మామూలు ధరకే పరీక్ష పని చెయ్యండి. ఊరికే చేసిన వారాన్ని ఎవరూ శ్రద్ధగా చూడరు.

మూడో నెల చివర, పని బాగా నడుస్తున్నప్పుడు, రెండు వాక్యాలు రాసిమ్మని అడగండి. 'మీ గురించి మంచిగా రాయండి' అంటే 'చాలా బాగా చేస్తారు' అని వస్తుంది, దానితో ఉపయోగం లేదు. 'నేను రాకముందు ఎంక్వైరీలకు ఎంతసేపట్లో జవాబు వెళ్లేది, ఇప్పుడెంత?' అని అడిగితే పనికొచ్చే మాట వస్తుంది.

8. కాగితాలు, డబ్బులు, పన్నులు

ఒప్పందం రెండు పేజీలు దాటనక్కర్లేదు. పనుల జాబితా, గంటలు, అదనపు గంట ధర, ఎంతలోపు జవాబిస్తారు, సెలవులు, గోప్యత, మానుకోవాలంటే ఎవరైనా 30 రోజుల ముందు చెప్పాలన్న మాట. సెలవుల్లో భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ పేరుపేరునా రాయండి. జనవరి మధ్యలో అమెరికాలో అందరూ జోరుగా పనిలో ఉంటారు, భీమవరంలో ఆ నాలుగు రోజులు ఎవరూ చేతికి దొరకరు.

విదేశీ డబ్బుకు వైజ్, పేయోనీర్ వంటివి వాడుతున్నారు. పేపాల్‌లో ఛార్జీ, మారకపు రేటు రెండూ కలిపి బాగా కొరుకుతాయి. ఏది వాడినా పర్పస్ కోడ్, అంటే డబ్బు ఏ పనికి వచ్చిందో చెప్పే కోడ్, అడిగితే మీ పనికి తగ్గది ఎంచుకోవాలి. బిజినెస్, మేనేజ్‌మెంట్ సలహా సేవలది పీ1006. ప్రతి చెల్లింపుకూ వచ్చే విదేశీ జమ పత్రాన్ని, అంటే ఫిరాను, ఇన్‌వాయిస్‌తో జతచేసి నెలవారీ ఫోల్డరులో పెట్టండి. ఏడాది చివర వెతికితే దొరకవు.

జీఎస్టీ ఆంధ్రప్రదేశ్‌లో సేవలకు ఏడాదికి రూ.20 లక్షలు దాటితేనే. విదేశీ రాబడి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. రిజిస్టరయ్యాక ఏటా ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేస్తే ఎగుమతి సేవలకు పన్ను కట్టకుండానే బిల్లు వెయ్యొచ్చు. ఆదాయపు పన్నులో డిజిటల్‌గా వచ్చిన రాబడిలో 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపే పద్ధతి ఉంది, పాత చట్టంలో అది 44ఏడీ. కొన్ని వృత్తులకు 50 శాతం చూపాలి. మీ పని ఏ గాటన పడుతుందో మొదటి ఏడాదే ఆడిటరుతో తేల్చుకోండి. ఏడాది పన్ను రూ.10,000 దాటితే ముందస్తు పన్ను కట్టాలి. ఈ అంచనా పద్ధతిలో ఉన్నవాళ్లు మార్చి 15లోపు ఒకేసారి కడితే చాలు. చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ సైట్లో ఉచితం, ఆధారు, పాను ఉంటే చాలు. దానికి డబ్బడిగే సైటు కనిపిస్తే అది వేరే ఎవరిదో.

ఊళ్లో క్లయింట్లతో ఇబ్బంది ఇంకో రకం. రొయ్యల వ్యాపారంలో ఉన్నవాళ్లు 'పట్టుబడి అయ్యాక ఇస్తామండీ' అంటారు. వనామీ పంట చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు. వాళ్లకు అది మామూలు మాటే, మేత డీలరుకూ అలాగే ఇస్తారు. మీరు మేత డీలరు కాదు, నాలుగు నెలల అరువు మొయ్యలేరు. మొదటి నెల ముందే తీసుకోండి, తర్వాత 15 రోజులకోసారి చిన్న మొత్తాలుగా. 5వ తేదీ దాటితే పని ఆగుతుందని ఒప్పందంలో ఉండాలి, 6వ తేదీన నిజంగా ఆపాలి. ఆపేటప్పుడు ఫోన్ చేసి 'బాబాయి గారూ, ఈ నెలది పడగానే మళ్లీ మొదలెడతానండి, ఎంక్వైరీల షీటు మీ దగ్గరే ఉంది' అనండి. షీటు ఆయన చేతిలో ఉంచి, పని మాత్రం ఆపాలి. సమాచారాన్ని తాకట్టుగా పట్టుకుంటే ఆ మాట సాయంత్రానికి మార్కెట్టంతా పాకుతుంది.

నెలకు 100 గంటలు వరసగా మూడు నెలలు నిండాయంటే కొత్తగా వచ్చేవాళ్లకు ధర 15 శాతం పెంచి చెప్పండి. పాతవాళ్లకు రెండు నెలల ముందు రాతలో తెలియజేసి ఏప్రిల్ నుంచి మార్చండి. 110 దాటాక రెండో మనిషిని పెట్టుకునే ముందు ఆమెకు మీ విధానపత్రం ఒకటి ఇచ్చి, మీరు పక్కన లేకుండా ఒక రోజు పని చెయ్యమనండి. ఎక్కడ ఫోన్ చేసి అడిగిందో, ఆ పత్రంలో అక్కడ ఒక వరుస తక్కువైంది. అవన్నీ నింపాకే క్లయింటుకు చెప్పి, ఒప్పుకుంటేనే ఆమెకు అనుమతులు ఇప్పించండి.